బర్కా తోటలో పెద్దాయన బ్లైండ్

మీ చేతిలో మంచి ముక్కలు ఉండి కూడా, ఎదురుగా ఉన్నాయన మీకంటే పెద్దవాడన్న ఒక్క కారణంతో ఎన్నిసార్లు వాటిని కింద పడేశారు? పేక ముట్టని వాళ్ళు కూడా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఇంట్లో, ఆఫీసులో, సంఘం సమావేశంలో మీరు నోటిదాకా తెచ్చుకుని మింగేసిన మాటలన్నీ లెక్కలోకి వస్తాయి. ఆ ప్రశ్న నాకు ఒమన్‌లో ఒక ఖర్జూరపు తోటలో దొరికింది. అక్కడికి వెళ్ళని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. డబ్బు పెట్టి ఆడే పేకాటకు నేను వ్యతిరేకిని. చీరాలలో దాని మీద ఎన్నో సభల్లో మాట్లాడాను, ఇకముందు కూడా మాట్లాడతాను. ఒమన్‌లో జూదం నేరం. అక్కడి మనవాళ్ళు ఏడాదికోసారి జరుపుకునే పోకర్ పోటీలో రుసుము లేదు, పందెం లేదు. గెలిచిన వాళ్ళకు ఒక కప్పు, ఒక డబ్బా హల్వా. అందుకే మా అన్నయ్య కూతురు ధరణి "అత్తా, నా ఆట చూడ్డానికి రా" అని పిలిస్తే వెళ్ళాను.

బౌషర్: తంబోలా గది

ధరణి మస్కట్‌లోని బౌషర్‌లో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. కదలని మోకాళ్ళను కదిలించడం దాని పని. ఆ పట్టుదల చిన్నప్పటి నుంచీ ఉంది. దాని ఫ్లాటు కిటికీలోంచి చూస్తే ఒకవైపు మాల్, ఇంకోవైపు ఇసుకదిబ్బలు. ఊరి మధ్యలో ఎడారి ముక్కను ఎవరో మరిచిపోయి వదిలేసినట్టుంటుంది.

మొదటి సాయంత్రమే అసలు విషయం చెప్పింది. ఇన్నేళ్ళూ ఆ పోటీలో మగవాళ్ళే ఆడేవారు. ఆడవాళ్ళకు పక్కగదిలో తంబోలా, పకోడీలు. ఈ ఏడు ధరణి, ఇంకొందరు కలిసి కమిటీని గట్టిగా నిలదీస్తే ఒక షరతు పెట్టారు. ఆడవాళ్ళలో ఒక్కరైనా చివరి ముగ్గురిలో మిగిలితే ఇక ప్రతి ఏడూ అందరికీ కలిపే ఆట. మిగలకపోతే మళ్ళీ తంబోలా గది.

"మగవాళ్ళకు ఈ షరతు ఎవరు పెట్టారు?" అన్నాను.

"అదే అడిగా. ఎవరూ నవ్వలేదు" అంది.

"మరి ఒప్పుకున్నావెందుకు?"

"వాదనలో గెలిస్తే వచ్చే ఏడు కమిటీ మారుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. బల్ల మీద గెలిస్తే అందరూ చూస్తారు కదత్తా."

వాదసభల్లో పెరిగినదాన్ని నేను. ఆ మాట నచ్చలేదు. కానీ కొట్టిపారెయ్యలేకపోయాను.

హమ్రియా: నా ఉద్యమం, నలుగురి టీ

మర్నాడు మస్కట్‌లోనే ఉన్న హమ్రియా పేటకు వెళ్ళాం. పాత మేడలు, కింద దుకాణాలు, పైన రూములు. బాల్కనీల్లో ఆరేసిన కంపెనీ చొక్కాలను బట్టి ఏ గదిలో ఏ కంపెనీ వాళ్ళుంటారో చెప్పొచ్చు. అంగళ్ళ బోర్డుల మీద కనిపించే తెలుగు కన్నా రోడ్డు మీద వినిపించే తెలుగు ఎక్కువ.

టీ తాగుదామని ఒక చిన్న హోటల్లోకి వెళితే, కేరళ కుర్రాడు మమ్మల్ని పరదా కట్టిన అరలోకి చూపించాడు. పైన 'ఫ్యామిలీ' అని రాసి ఉంది. నేను అందులోకి వెళ్ళనన్నాను. అందరూ కూర్చునే చోటే కూర్చుంటానని బయట బల్ల దగ్గర నిలబడ్డాను. ఆ బల్ల దగ్గర డ్యూటీ దిగి వచ్చిన నలుగురు మనవాళ్ళు టీ తాగుతున్నారు. నన్ను చూసి నలుగురూ లేచారు. కూర్చోమని ఎంత బతిమాలినా వినలేదు. "పెద్దామె గద, గూసోండ్రి" అని గోడకు ఆనుకుని నిలబడి తాగారు. సమానత్వం కోసం నేను చేసిన పోరాటంలో నలుగురు కూలీల కుర్చీలు పోయాయి. కరక్ చాయ్, అంటే అక్కడి చిక్కటి పాల టీ, వంద బైసాలు, మన లెక్కన ఇరవై రూపాయల పైన. యాలకులు దండిగా ఉన్నాయి. నాకు మాత్రం సరిగా దిగలేదు. వాళ్ళది మర్యాదే. కానీ ఆ మర్యాద నన్ను వాళ్ళతో కలిసి కూర్చోనివ్వలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ వీధిలోనే ఖాజా టైలర్ దుకాణం. కడప మనిషి. జాకెట్టుకు రెండు రియాళ్ళు తీసుకుంటాడు. రియాల్ అంటే మన రెండొందల రూపాయలు దాటుతుంది కాబట్టి చీరాలలో ఆ ధర చెబితే దర్జీని ఊరేగిస్తారు. పేక పోటీకి ఆయనే న్యాయమూర్తి. ఎందుకంటే తను ఆడడు, మొహమాటపడడు.

"అమ్మా, మీ మేనకోడలు మంచిగా ఆడతాది. కానీ భయం ఒకటుండాది" అన్నాడు, నోట్లో గుండుసూది తియ్యకుండానే.

"దేనికి భయం?"

"అది మీరే చూడండి. నేను జడ్జిని, చెప్పకూడదు."

అజైబా: చివరగా మాట్లాడేవాడు

ధరణి భర్త ఆఫీసు అజైబాలో. అక్కడ సముద్రం ఒడ్డున ఒకతను బొగ్గుల మీద మాంసం పుల్లలు కాలుస్తాడు. మిష్కాక్ అంటారు. చింతపండు పులుసులో ముంచి ఇస్తే నాకు మన ఊరే గుర్తొచ్చింది. ఇసుకలో దుప్పటి పరిచి, సీసా మూతలు చిప్స్ అనుకుని, ధరణి నాకు ఆట నేర్పింది. మీకూ రెండు ముక్కల్లో చెబుతాను, లేకపోతే బర్కాలో జరిగింది అర్థం కాదు.

ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు పంచుతారు, తర్వాత బల్ల మధ్యలో అందరికీ కలిపి అయిదు పరుస్తారు, వాటితో కలిపి ఎవరివి పెద్దవైతే వాళ్ళదే గెలుపు. పంచకముందే ఇద్దరు మాత్రం తప్పనిసరిగా కొన్ని చిప్స్ బల్ల మీద పెట్టాలి. ఒకరిది చిన్న బ్లైండ్, పక్కవారిది పెద్ద బ్లైండ్. ముక్కలు చూడకుండా గుడ్డిగా పెట్టేది కాబట్టి ఆ పేరు. ఈ వంతు బల్ల చుట్టూ తిరుగుతుంది. గంట కొట్టినప్పుడల్లా బ్లైండ్లు పెరుగుతాయి. మంచి ముక్కలు వచ్చేదాకా ఊరుకుందాం అనుకున్నవాడి చిప్స్ ఎండలో మంచుగడ్డలా కరిగిపోతాయి.

"అందుకే బ్లైండ్లు కొట్టెయ్యాలి" అంది ధరణి.

"దొంగతనమా?"

"ఆ మాటే వాడతారు. నా వంతు వచ్చేసరికి ముందున్న వాళ్ళందరూ ముక్కలు పడేశారనుకో. ఇంక మిగిలింది బ్లైండ్లు పెట్టిన ఇద్దరే. వాళ్ళేమో చూడకుండా పెట్టినవాళ్ళు. చేతిలో ఏమొచ్చిందో వాళ్ళ ఖర్మ."

"ఖర్మ అనకు."

"సరే, సంభావ్యత. ఎక్కువసార్లు పనికిమాలిన ముక్కలే ఉంటాయి. నేను పెద్ద బ్లైండ్‌కి రెండింతల మీద కాస్త పెంచి తోస్తే ఇద్దరూ పడేస్తారు. పెట్టినవన్నీ నావి."

నేను వెంటనే పట్టుకున్నాను. వాదసభలో ముందు మాట్లాడేవాడికి ఎదుటివాళ్ళు ఏమంటారో తెలియదు. చివరగా మాట్లాడేవాడికి అందరి బలహీనతా తెలిసి ఉంటుంది. ఇక్కడా అంతే. ఎవరు చివర కూర్చున్నారన్నదే బలం, ముక్కలు తర్వాత.

"అయితే ప్రతిసారీ కొట్టెయ్యొచ్చుగా?"

"పట్టేస్తారు. మనిషిని చూసి కొట్టాలి. నా ఎడమపక్క ఉన్నవాళ్ళు బిగపట్టి ఆడేవాళ్ళైతే కొట్టాలి. చిప్స్ అయిపోయి తెగించి ఉన్నవాడి జోలికి పోకూడదు, వాడు మొత్తం తోసేస్తాడు. ఎదురు తిరిగితే గొడవపడకుండా వదిలెయ్యాలి. అంతకుముందు బుద్ధిగా ఆడి ఉంటేనే మనం పెంచినప్పుడు నమ్ముతారు. అన్నిటికంటే ముఖ్యం, నిజంగా మంచి ముక్కలొచ్చినా, రాకపోయినా ఒకేలా పెంచాలి. లేకపోతే మొహం కంటే ముందు చెయ్యి చెప్పేస్తుంది."

విధిని నమ్ముకుని కూర్చోకుండా, ఉన్నదాంట్లో ఏది చెయ్యొచ్చో లెక్క కట్టుకోవడం. నలభై ఏళ్ళుగా నేను ఇదే చెబుతున్నాను, కాకపోతే సీసా మూతలు లేకుండా.

బర్కా: ఏ దేశపు రాహుకాలం

శుక్రవారం పొద్దున్నే బర్కా వెళ్ళాం. మస్కట్ నుంచి సముద్రం పక్కగా దారి. అక్కడ తోటలు రోజు లెక్కన అద్దెకిస్తారు. ఖర్జూరపు చెట్లు, ఒక పెద్ద హాలు, పిల్లలకు ఈతకొలను. గేటు దగ్గర తోట యజమాని, దిష్‌దాషా అనే తెల్లని పొడుగు అంగీ వేసుకున్న ఒమానీ పెద్దమనిషి, హిందీలో అడిగాడు, "పైసా నహీ హై న?" లేదని ఖాజా పేక పెట్టె, ప్లాస్టిక్ చిప్స్ తెరిచి చూపించాడు. ఆయన తృప్తిపడి మాకు కహ్వా, అంటే అక్కడి యాలకుల కాఫీ, పోశాడు. చిన్న గిన్నె ఖాళీ అవగానే మళ్ళీ పోస్తున్నాడు. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఊపాలట. అది తెలిసేలోపు నేను చాలా తాగేశాను. వద్దు అనడానికి అంత మర్యాదైన పద్ధతి మన దగ్గర లేదు. మనం "అబ్బే వద్దండీ" అంటే ఇంకో గరిటె పడుతుంది.

ఆట తెల్లారగానే మొదలన్నారు. ఇంత పొద్దున్నే ఎందుకంటే రాహుకాలంలో మొదలుపెట్టకూడదని సూర్యనారాయణ గారు చెప్పారట. పోటీకి ఆయనే పెద్దదిక్కు. గోదావరి జిల్లా మనిషి, కాంట్రాక్టర్. అక్కడున్న వాళ్ళలో సగం మందికి వీసాలో, ఉద్యోగాలో చూపించినవాడు. ధరణికి ఆసుపత్రిలో ఖాళీ ఉందని మొదట చెప్పిందీ ఆయనే.

"ఏ దేశపు రాహుకాలమండీ?" అన్నాను. "మీరు చూసింది మన క్యాలెండరు. ఇక్కడి గడియారం గంటన్నర వెనక. రాహువు విమానం ఎక్కి వస్తాడా?"

ఆయన కోప్పడలేదు. వేలికున్న కెంపు ఉంగరం తిప్పుకుంటూ, "అమ్మగారూ, మీ మాట మీదే. కానీ ఈ ఉంగరం పెట్టుకున్న దగ్గర్నుంచి చివరి బల్లకి రాని ఏడు లేదండి నేను. దానికేమంటారు?" అన్నాడు.

చూసి చెబుతానన్నాను. చూశాను.

పొద్దున వేరువేరు బల్లల మీద ఆడి, మిగిలినవాళ్ళు చివరికి ఒకే బల్లకు చేరతారు. పొద్దుటి ఆటంతా ఆయన కుర్చీ వెనకే నిలబడ్డాను. పెద్ద బ్లైండ్ ఆయనదైనప్పుడు బల్ల చుట్టూ అందరూ వరసగా ముక్కలు పడేస్తున్నారు. ఒక్కరూ పెంచడం లేదు. చిన్న బ్లైండ్ పెట్టినవాడు కూడా చిప్స్ ఆయన వైపు జరిపేసి ఊరుకుంటున్నాడు. అందరికీ బ్లైండ్లు ఖర్చు, ఆయనకొక్కడికీ ఆదాయం. ఆయన పెంచితే మాత్రం దణ్ణం పెట్టినంత పనిచేసి తప్పుకుంటున్నారు. ఉంగరం మహిమ అంతా అదే. అది వేలికి లేదు, చుట్టూ ఉన్నవాళ్ళ మెడల్లో ఉంది.

బర్కా: జుమ్మా విరామం

ఖాజాతోపాటు కొందరు నమాజుకు వెళ్ళడంతో ఆట ఆగింది. పులిహోర, గోంగూర మాంసం, రఖాల్ అనే పల్చని అప్పడంలాంటి రొట్టె. ఆ రొట్టెలో గోంగూర పెట్టుకుని తింటే రెండు దేశాలూ సుఖపడతాయి. ఆడవాళ్ళలో ధరణి ఒక్కతే చివరి బల్లకు చేరింది. మిగతావాళ్ళు దాని పళ్ళెంలో మాంసం ముక్కలు వేస్తూ కూర్చున్నారు.

దాన్ని పక్కకు పిలిచి చూసింది చెప్పాను.

"తెలుసత్తా" అంది. "పొద్దున నా బల్ల మీద ఆయన లేడు కాబట్టి వచ్చాను. పోయినేడు వెనకాల నిలబడి చూసినప్పుడే తెలుసు. పెద్ద పోటీల్లోనైతే ఒకరి కోసం మెత్తగా ఆడటం తప్పు. ఇక్కడ అది సంస్కారం."

"ఇప్పుడేమవుతుంది?"

"చివరి బల్లకి చీట్లు తీశారు. నా ఎడమపక్క లింగన్న, ఆ పక్కన ఆయన. నేను చివరగా మాట్లాడే చోట ఉన్నప్పుడల్లా పెద్ద బ్లైండ్ ఆయనదే. నా చిప్స్ తక్కువ. కొట్టకపోతే మూడో గంట కొట్టేసరికి అయిపోతా. కొడితే ఆయనదే కొట్టాలి." "నాకు ఈ దేశంలో అన్నం పెట్టించినాయనత్తా" అంది.

ఖాజా చెప్పిన భయం ఇదన్నమాట.

నేను ఒక్కటే అడిగాను. "ఆయన మోకాలు నొప్పని వస్తే పెద్దాయన కదా అని మెత్తగా నొక్కుతావా?"

"లేదు. అరిచినా వంచుతా."

"ఎందుకు?"

చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

బర్కా: చివరి బల్ల

ఎనిమిది మంది కూర్చున్నారు. ధరణి పక్కనున్న లింగన్న జగిత్యాల మనిషి, ఒక సైట్‌లో ఫోర్‌మన్. ఖాజా గంట కొట్టాడు.

ధరణి వంతు వచ్చింది. ముందున్న వాళ్ళందరూ అలవాటుగా పడేశారు, పెద్ద బ్లైండ్ పెద్దాయనది కదా మరి. ధరణి ముక్కలు చూసుకుంది. చిప్స్ ముందుకు తోసింది.

హాల్లో వాళ్ళందరూ ఇటు తిరిగారు. లింగన్న గొంతు తగ్గించి, "అక్కా, ఆగమైతవ్" అని తన ముక్కలు పడేశాడు.

సూర్యనారాయణ గారు నవ్వారు. "ధరణీ, చూసుకోలేదేమోనమ్మా. బ్లైండ్ నాది."

"చూశానండీ. మీదే."

వెనకనుంచి ఎవరో, పాపం పొరపాటు, వెనక్కి తీసుకోనివ్వండి అన్నారు. ఖాజా తల అడ్డంగా ఊపాడు. "తోసినవి తోసినట్టే. ఎవరికైనా అంతే." పెద్దాయన "పిల్ల సరదా పడింది" అని ముక్కలు పడేశారు. ఆ కాసిని చిప్స్ ధరణి రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. 

బల్ల ఒక చుట్టు తిరిగింది. మళ్ళీ అదే చోటు, మళ్ళీ తోసింది. ఈసారి ఆయన నవ్వలేదు, పడేశారు. మూడోసారి తోసేసరికి ఉంగరం తిప్పి తన చిప్స్ మొత్తం ముందుకు నెట్టారు. ధరణి క్షణం కూడా ఆలోచించలేదు, ముక్కలు వదిలేసింది.

"చూశారా అమ్మగారూ, ఉంగరం" అన్నారాయన నా వైపు తిరిగి.

చెప్పడానికి నాకు చాలా ఉంది. చూసేవాళ్ళు మాట్లాడకూడదని నియమం. నోరు మూసుకుని కూర్చున్నాను. నా జీవితంలో అలా కూర్చుని గెలిచిన వాదం అదొక్కటే.

నాలుగోసారి. ధరణి అంతే తోసింది, అదే కొలత, అదే మొహం. ఆయనకు ఇప్పుడు ధైర్యం చిక్కింది. ఈ పిల్ల ఉత్త చేతులతో కొడుతోంది, గట్టిగా అంటే వదిలేస్తుంది. మళ్ళీ మొత్తం నెట్టారు. ధరణి, "సరేనండీ, నావీ మొత్తం" అంది. ముక్కలు తిప్పారు. ఆయనవి కళావరు రాజు, డైమను నాలుగు. దానివి రెండు పదులు. తర్వాత పరిచిన అయిదు ముక్కల్లో ఆయనకు ఏదీ కలవలేదు. ధరణి పెట్టినన్ని చిప్స్ దానికి వెళ్ళిపోయాయి, అంతకంటే ఎక్కువ ఉన్నాయి కాబట్టి ఆయన ఆటలో మిగిలారు.

లింగన్న, "గట్ల జెయ్యొచ్చా" అన్నాడు. ఎవరినీ అడగలేదు, తనకు తానే అన్నట్టు. ఆ తర్వాత తన వంతు వచ్చినప్పుడు పెద్దాయన బ్లైండ్ మీద లింగన్న పెంచాడు. ఇంకొకరు పెంచారు. ఇన్నేళ్ళు ఎవరూ ముట్టని ఆ చిప్స్, ధరణి తీసిన తలుపులోంచి అందరివీ అయ్యాయి. ఒకరొకరే లేచిపోయారు. నలుగురు మిగిలినప్పుడు నాలుగోవాడుగా లేచింది సూర్యనారాయణ గారు. ఉంగరం వేలికే ఉంది.

చివరి ముగ్గురిలో ధరణి. తంబోలా బల్ల దగ్గర నుంచి వచ్చిన ఆడవాళ్ళు చప్పట్లు కొట్టలేదు, కుర్చీలు లాక్కొచ్చి హాలు మధ్యలో వేసుకుని కూర్చున్నారు. నాకు చప్పట్ల కన్నా అదే బాగుంది.

కప్పు మాత్రం లింగన్నది. ఆఖర్న ధరణి బ్లైండే వరసగా కొట్టేశాడు. "ఏం జెయ్యాలక్కా, నువ్వు నేర్పిందే" అన్నాడు. ధరణి అంతగా నవ్వడం నేను దాని పెళ్ళిలో కూడా చూడలేదు.

తోట గేటు దగ్గర

బయలుదేరేముందు సూర్యనారాయణ గారు మా కారు దగ్గరికి వచ్చారు.  ధరణిని ఏమీ అనలేదు. నాతో అన్నారు.

"ఇన్నేళ్ళూ నేను బాగా ఆడుతున్నాననుకున్నానండి. ఒక్కడూ చెప్పలేదు."

"చెప్పేవాళ్ళు భయపడ్డారు" అన్నాను.

"భయమేంటండి, నేనేమన్నా కరుస్తానా." కాసేపు ఉంగరం చూసుకున్నారు. తర్వాత ధరణి వైపు తిరిగి, "వచ్చే ఏడు నీకు కుడిపక్కన కూచుంటానమ్మా. అప్పుడు చివర మాట్లాడేది నువ్వు కాదు, నీ బ్లైండ్ నాది" అన్నారు.

"రండి" అంది ధరణి.

ఆ ఒక్క మాటలో ఎంత గౌరవం ఉందో, ఇన్నేళ్ళుగా ఆయన ముందు ముక్కలు పడేసిన వాళ్ళెవరికీ తెలియదు. ఆయన్ని ఆటగాడిగా లెక్కేసిన మొదటి మనిషి నా మేనకోడలు. తలవంచిన వాళ్ళు ఆయన్నొక బొమ్మను చేసి కూర్చోబెట్టారు. ఇది నా గర్వం కోసం చెప్పడం లేదు అని రాద్దామనుకున్నాను. గర్వం కోసమే చెబుతున్నాను. నేను నలభై ఏళ్ళు వేదికల మీద చెప్పిందాన్ని ధరణి ఒక మధ్యాహ్నంలో చేసి చూపించింది.

మరి మీ సంగతి? మీ సంఘంలోనూ ఎవరూ ముట్టని పెద్దాయన బ్లైండ్ ఒకటుంటుంది. ఆడవాళ్ళ కోసం పక్కగది ఒకటుంటుంది. వచ్చే సమావేశంలో లేవండి. ఆ గది ఎందుకని పేరు పెట్టి, ఆయన మొహం చూసి అడగండి. "బ్లైండ్ నాది" అంటారు. "చూశానండీ, మీదే" అనండి. జవాబు వచ్చేదాకా కూర్చోకండి.